చిట్టా సరే, ఆవర్జా ఎక్కడ?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంజినీరింగ్ కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ విభాగాలు నడుపుతున్న హెచ్‌ఓడీ గార్లకు,



ఏటా ఫైనలియర్ ప్రాజెక్టు వైవాలకు ఎక్స్‌టర్నల్‌గా మీ కాలేజీలకు వస్తుంటాను. మీరు పెట్టే టిఫిన్ మీదా, కప్పే శాలువా మీదా నాకే ఫిర్యాదూ లేదు. నా ఫిర్యాదంతా ఒక ప్రొజెక్టర్ తెర గురించి.

పేరెందుకు గానీ, ఒక కాలేజీ. నలుగురు పిల్లల బ్యాచ్, ప్రాజెక్టు బ్లాక్‌చెయిన్ మీద. మొదటి స్లైడులోనే పెద్ద అక్షరాలతో రాసుకొచ్చారు: ఇందులో ఎవర్నీ నమ్మక్కర్లేదు, ఎవరికి వారే సరిచూసుకోవచ్చు అని. "బాగుందమ్మా, ఏదీ ఒక ట్రాన్సాక్షన్ చూపించు" అన్నాను. ఆ అమ్మాయి బ్రౌజర్‌లో, లావాదేవీలు వెతికి చూపే ఒక ఎక్స్‌ప్లోరర్ సైటు అడ్రస్ కొట్టింది. తెర మీద ఎర్రటి పేజీ వచ్చింది. కాలేజీ ఫైర్‌వాల్ ఆ సైటును తీసుకెళ్లి జూదం సైట్ల గంపలో వేసింది. ఇంకో సైటు కొట్టింది, అదీ అంతే. పక్కనున్న కుర్రాడు జేబులోంచి ఫోను తీసి హాట్‌స్పాట్ ఆన్ చేస్తుంటే, అమ్మాయి నా వైపు తిరిగి "సర్, సైటు రావట్లేదు, రెండు నిమిషాలు" అంది.

ఎవర్నీ నమ్మక్కర్లేదన్న స్లైడు లాప్‌టాప్‌లో ఇంకా తెరిచే ఉంది.

మార్కులు వేసే వచ్చాను. పిల్లల తప్పేముంది? సరిచూసుకోమని పాఠం చెప్పి, చూసుకోవడానికి పొరుగింటి కిటికీ చూపించింది మనమే. ఆ కిటికీ మన ల్యాబ్‌లోనే ఒక మూల కట్టుకోవచ్చనీ, కట్టే పనిలోనే బ్లాక్‌చెయిన్ ఎలెక్టివ్ పేపర్‌లో సగం వచ్చేస్తుందనీ చెప్పడానికే ఈ ఉత్తరం.

మా తాతగారికి కిరాణా కొట్టుండేది. పొద్దున్నుంచీ జరిగిన బేరాలన్నీ జరిగిన వరసలో చిట్టాలో పడేవి. రాత్రి కొట్టు కట్టేశాక గుమాస్తా దీపం ముందు కూర్చుని అవే పద్దులను ఆవర్జాలోకి ఎక్కించేవాడు, మనిషికో పేజీ చొప్పున. ఫలానా ఆయన బాకీ ఎంత అంటే చిట్టా చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు, ఏడాది పొడుగునా తిరగేయాలి. ఆవర్జా చిటికెలో చెబుతుంది. కానీ తగువొస్తే పెద్దమనుషుల ముందు విప్పేది చిట్టానే. ఆవర్జాలో గుమాస్తా చేయి జారి ఉండొచ్చు కదా.

బ్లాక్‌చెయిన్ చిట్టా. ఎక్స్‌ప్లోరర్ ఆవర్జా. మన పాఠ్యపుస్తకాలు ఈ రెంటినీ ఒకే ముద్దగా కలిపి పెడతాయి. అక్కడే తిరకాసంతా.

బిట్‌కాయిన్నే ఉదాహరణగా తీసుకుంటాను. అన్నిటికన్నా పాతది, నిర్మాణం సరళం, మొత్తం చిట్టా ఒక్క డిస్కులో పడుతుంది. 2009 జనవరి 3 నాటి మొదటి బ్లాకు నుంచి ఇవాళ్టి దాకా అందులో పడిన ప్రతి పద్దూ బిట్‌కాయిన్ కోర్ అనే సాఫ్ట్‌వేర్ మన మెషీన్ మీదికి దించుకుంటుంది, ఒక్కో బ్లాకునూ నిబంధనల ప్రకారం తనిఖీ చేస్తుంది. ఫోల్డర్ తెరిచి చూస్తే ఒక్కోటి 128 మెగాబైట్ల ఫైళ్లు వేల సంఖ్యలో కనిపిస్తాయి. వాటితోపాటు ఇంకా ఖర్చు కాని నాణేల జాబితా ఒకటి వేరేగా ఉంటుంది. అంతే. "ఈ అడ్రస్‌కు ఎప్పుడెప్పుడు ఎంతెంత వచ్చింది, ఎటు పోయింది" అని కోర్‌ను అడగండి, దాని దగ్గర ఆ పేజీ లేదు. ఉన్న నాణేలన్నీ గాలించి ఇప్పటి నిల్వ చెప్పగలదు గానీ చరిత్ర చెప్పలేదు. అడ్రస్ కొట్టగానే వరసగా లావాదేవీలు పరిచే ప్రతి సైటు వెనకాలా ఎవరో గుమాస్తా కూర్చుని ఆవర్జా రాసి ఉంచాడు. నిజాయితీపరుడే అయ్యుండొచ్చు. మనం మాత్రం చిట్టా చూడలేదు, అతని మాట విన్నాం. పైగా ఏ ఐపీ అడ్రస్ నుంచి ఎవరు ఏ పేజీ అడిగారో కూడా అతనికి తెలిసిపోయింది.

ఇక పని సంగతి. నేనూ, నాలాంటివాళ్లూ మొదట చేసిన తప్పులే చెబుతాను, మీ ల్యాబ్ టెక్నీషియన్‌కు నాలుగు వారాలు మిగులుతాయి.

మొదటి తప్పు డిస్కు. మూలపడేసిన పాత హార్డ్ డిస్కు ఒకటి ఉందని దానిమీదే మొదలుపెట్టాను. మొదటి మూడు నాలుగేళ్ల బ్లాకులు గుర్రంలా పరుగెత్తాయి. ఆ తర్వాత నత్తనడక. ప్రతి లావాదేవీకీ అది ఖర్చుపెడుతున్న పాత నాణెం నిజంగా ఉందో లేదో జాబితాలో వెతకాలి, ఆ జాబితా డిస్కు మీద చెల్లాచెదురుగా ఉంటుంది, హార్డ్ డిస్కు ముల్లు పాపం అటూ ఇటూ పరుగెడుతూనే ఉంటుంది. మూడో వారంలో దండం పెట్టి ఎస్ఎస్‌డీ కొన్నాను. రెండు రోజుల్లో అయిపోయింది. చిట్టా ఒక్కటే 700 జీబీ దాటింది కాబట్టి 2 టీబీకి తక్కువ కొనకండి. ప్రాసెసర్ విషయంలో బెంగ అక్కర్లేదు, మీ ల్యాబ్‌లో ఏ నాలుగు కోర్ల మెషీన్ అయినా సరిపోతుంది. ర్యామ్ 8 జీబీ ఉంటే చాలు, 16 ఉంటే హాయి.

రెండో తప్పు ఆత్రం. డీబీక్యాష్ అనే సెట్టింగ్ అప్పట్లో మామూలుగా 450 మెగాబైట్లు ఉండేది. పెంచితే వేగం వస్తుందన్నారు కదా అని 4,000 పెట్టాను. వేగం వచ్చిన మాట నిజం. కానీ పెంచినకొద్దీ నాణేల జాబితాలో మార్పులు డిస్కుకు దిగకుండా ర్యామ్‌లోనే పేరుకుంటాయి. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీఎస్ ఉంది, అందులో బ్యాటరీకే ప్రాణం లేదు. మళ్లీ ఆన్ చేస్తే బ్లాకులు డిస్కు మీద భద్రంగానే ఉన్నాయి, వాటి మీద చేసిన తనిఖీ మాత్రం గంటల తరబడి వెనక్కిపోయింది. ఆ రోజు మా ఇంట్లో నా మొహం చూసి ఎవరూ పలకరించలేదు.

మూడోది తెలియనితనం. డిస్కు సరిపోదేమోనన్న భయంతో కొందరు ప్రూన్ అనే సెట్టింగ్ పెడతారు. తనిఖీ అయిన పాత బ్లాకులను పారేసి 550 మెగాబైట్ల దాకా కుదించుకునే ఏర్పాటది. వాలెట్ నడుపుకునేవాడికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఎక్స్‌ప్లోరర్‌కు ససేమిరా కుదరదు, పాత పేజీలు చింపేసిన చిట్టాలోంచి ఆవర్జా ఎలా రాస్తారు? ఎక్స్‌ప్లోరర్‌కు కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం: కాన్ఫిగ్ ఫైలులో ‘టీఎక్స్‌ఇండెక్స్=1’. ఏ లావాదేవీ ఏ ఫైలులో ఎక్కడుందో చెప్పే విషయసూచిక అది. అది లేకపోతే లావాదేవీ నంబరు ఇచ్చి అడిగినా, ఇంకా బ్లాకులో చేరనివాటిని తప్ప, నోడ్ (అంటే కోర్ నడుస్తున్న మన మెషీన్) వెతికిపెట్టదు. బ్లాకు హ్యాష్ కూడా చెప్పమంటుంది. పనిలో పనిగా ‘డిసేబుల్‌వాలెట్=1’ కూడా పెట్టేయండి. ల్యాబ్ మెషీన్‌లో నాణేలకు పనేముంది?

ఇంతవరకూ చిట్టా. ఆవర్జా రాసే గుమాస్తా పేరు ఎలెక్టర్స్, రస్ట్ భాషలో రాసిన ప్రోగ్రాం. కోర్ మొత్తం దించుకునే దాకా ఓపిగ్గా కాచుకుని ఉంటుంది. తర్వాత మొదటి బ్లాకు నుంచి చదువుకుంటూ వచ్చి అడ్రస్‌కో పేజీ కడుతుంది. నిజానికి అడ్రస్‌కు కాదు, అడ్రస్ వెనకాల ఉండే తాళం స్క్రిప్టుకు. ఆ స్క్రిప్టును ఎస్‌హెచ్‌ఏ-256తో హ్యాష్ చేసి, బైట్లు తిరగేసి, దాన్నే పేజీ పేరుగా వాడుతుంది. పిల్లలకు దీన్ని అసైన్‌మెంటుగా ఇచ్చి చూడండి: ఒక అడ్రస్ ఇచ్చి, ఎలెక్టర్స్ దాన్ని ఏ పేరుతో వెతుకుతుందో పైథాన్‌లో రాసుకురమ్మనండి. బేస్58, హ్యాషింగ్, బైట్ల వరస, మూడూ ఒక్క సాయంత్రంలో ఒంటబడతాయి. యూనిట్ 2 నోట్సు ఇరవై పేజీలు బట్టీ పట్టినా రానిది.

ఇక తెర మీద కనపడే భాగం. బీటీసీ ఆర్‌పీసీ ఎక్స్‌ప్లోరర్ అని నోడ్ జేఎస్‌లో రాసినది ఒకటుంది, దానికి సొంత డేటాబేస్ కూడా అక్కర్లేదు, అడిగినప్పుడల్లా కోర్‌నూ ఎలెక్టర్స్‌నూ అడిగి చెబుతుంది. మెంపూల్ అని ఇంకోటుంది, చూడ్డానికి కళకళలాడుతుంది, దానికి మరియాడీబీ వగైరా సరంజామా కావాలి. ల్యాబ్‌కు మొదటిదే మేలని నా అభిప్రాయం. అందం తక్కువ, అరమరికలూ తక్కువ. ప్రతి పేజీలో కోర్ ఇచ్చిన జేసన్ జవాబును ఉన్నదున్నట్టుగా విప్పి చూసుకోవచ్చు.

ఒక చిన్న తమాషా జరుగుతుంది, ముందే చెబుతాను. అంతా పెట్టి మురిసిపోతూ పక్క సిస్టమ్ నుంచి 3002 పోర్టు కొడతారు, తెరుచుకోదు. మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. అది 127.0.0.1 మీద మాత్రమే వింటోంది, అంటే తనతో తానే మాట్లాడుకుంటోంది. ల్యాబ్ నెట్‌వర్క్‌కు తెరవాల్సింది ఎక్స్‌ప్లోరర్ పోర్టును మాత్రమే. కోర్ తాలూకు 8332 ఆర్‌పీసీ పోర్టును ఎవరికి పడితే వాళ్లకు తెరవమని ఏ వీడియోలో చెప్పినా వినకండి, అది ఇంటి బీరువా తాళం గుమ్మానికి వేలాడదీయడమే. ప్రైవసీ మోడ్ కూడా ఆన్ చేయండి, లేకపోతే మారకపు ధరల కోసం ఈ ఎక్స్‌ప్లోరర్ మళ్లీ బయటి సైట్లకు వెళ్తుంది, మనం కట్టుకున్న కిటికీలోంచి పొరుగింటివాడు తొంగిచూసినట్టే.

నోడ్ మొత్తం సింక్ అయిన రోజున ఒక పని చేయండి. క్లాసు పిల్లలను పిలిచి, వాళ్లు చూస్తుండగా బయటి ఇంటర్నెట్ కేబుల్ పీకేయండి. ల్యాబ్ లోపలి స్విచ్చు అలాగే ఉండనివ్వండి. అప్పుడు 57043 నంబరు బ్లాకు తెరవమనండి. 2010 మే 22న లాస్లో హానిఎట్జ్ అనే ఫ్లోరిడా ప్రోగ్రామర్ రెండు పిజ్జాల కోసం 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చిన లావాదేవీ అందులో ఉంటుంది. ఆ కథ పిల్లలందరికీ తెలుసు, రీల్స్‌లో చూసే ఉంటారు. ఇంటర్నెట్ లేకుండా తమ ల్యాబ్ డిస్కు మీంచి తెరిచి చూడటం వేరు.

చూశాక అడగండి: దీనికి ఫీజెంత కట్టాడు? ఎక్స్‌ప్లోరర్ ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకె లావాదేవీలో ఎక్కడుందో వెతకమనండి. ఎక్కడా ఉండదు. వచ్చిన మొత్తంలోంచి పోయిన మొత్తం తీసేస్తే మిగిలేదే ఫీజు. మరి వచ్చిన మొత్తమన్నా ఉందా అంటే అదీ లేదు. ఇన్‌పుట్‌లో ఉండేదల్లా ‘ఫలానా పాత లావాదేవీలోని ఫలానా నంబరు నాణెం’ అన్న చూపుడువేలు మాత్రమే. ఆ పాత పద్దు తీసి చూస్తే గానీ విలువ తెలియదు. పిజ్జా లావాదేవీకి వందకు పైగా ఇన్‌పుట్లున్నాయి. అంటే ఆ ఒక్క ఫీజు అంకె కోసం వందకు పైగా పాత పద్దులను గుమాస్తా తిరగేశాడు. టీఎక్స్‌ఇండెక్స్ ఎందుకు పెట్టామో అప్పుడు తెలిసొస్తుంది పిల్లలకు, ఎవరూ చెప్పక్కర్లేకుండా.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఎక్స్‌ప్లోరర్లు ‘ఫలానా వారి నుంచి ఫలానా వారికి’ అని గీత గీసి చూపిస్తాయి. చిట్టాలో ‘నుంచి’ అనే గడే లేదు, అది పాత పద్దును బట్టి అల్లుకున్న మాట. బ్లాకు మీద వేసిన సమయం మైనర్ వేసినది, గడియారం చూసి ఎవరూ ధ్రువీకరించింది కాదు. ముందరి 11 బ్లాకుల మధ్యస్థ సమయం కన్నా ఎక్కువుండాలి, రెండు గంటలకు మించి భవిష్యత్తులో ఉండకూడదు, ఆ రెండే కట్టుబాట్లు. అందుకే అప్పుడప్పుడూ తమ్ముడు అన్నకన్నా ముందు పుట్టినట్టు కనిపిస్తుంది. ఇంకా బ్లాకులో చేరని లావాదేవీల పట్టిక సంగతైతే చెప్పనే అక్కర్లేదు. అది ఏ నోడ్‌కు ఆ నోడ్‌దే, మీ ల్యాబ్ తెర మీద కనిపించేది బయటి సైటులో కనిపించకపోవచ్చు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడినట్టు కాదు.

సరిచూడటం గురించి గొప్పగా మాట్లాడుతున్నాను కాబట్టి ఒక చేదు నిజం కూడా ఒప్పుకోవాలి. కోర్ కూడా అన్ని సంతకాలూ పరీక్షించదు. అస్యూమ్‌వాలిడ్ అని ఒక సెట్టింగ్ ఉంది. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు పేర్కొన్న ఒక బ్లాకు వరకూ పాత సంతకాలను మళ్లీ తనిఖీ చేయకుండా వదిలేస్తుంది, సింక్ త్వరగా అవడానికి. మిగతా లెక్కలన్నీ చూస్తుంది. ఆ వెసులుబాటు కూడా అక్కర్లేదనుకుంటే దాన్ని సున్నా చేసి ఇంకొన్నాళ్లు ఆగొచ్చు. నేను చేయలేదు. మీ పిల్లల్లో ఎవరైనా మొండివాడుంటే చేయనివ్వండి.

ఇంత నెట్ మా దగ్గర లేదు, మా ఊళ్లో 700 జీబీ దించాలంటే సంక్రాంతి నుంచి ఉగాది దాకా పడుతుంది అంటారా? రెగ్‌టెస్ట్ ఉంది. అదే సాఫ్ట్‌వేర్‌లో సొంతంగా, ఖాళీగా మొదలయ్యే బొమ్మ గొలుసు, ఇంటర్నెట్టే అక్కర్లేదు. ఒక్క కమాండ్‌తో 101 బ్లాకులు పుట్టించొచ్చు. 101 ఎందుకంటే, కొత్తగా పుట్టిన నాణెం మీద ఇంకో 100 బ్లాకులు పడేదాకా దాన్ని ఖర్చుపెట్టనివ్వరు. దానికి మాత్రం వాలెట్ కావాలి, ఇందాక నేను మూయమన్నది అక్కడ తెరుచుకోండి. పిల్లలు తమలో తాము నాణేలు పంపుకుని, తాము చేసిన పద్దునే ఎక్స్‌ప్లోరర్‌లో చూసుకుంటారు. అసలు చిట్టాలో కొత్త నాణేల బహుమతి సగమయ్యే హాల్వింగ్‌కు 210,000 బ్లాకులు పడితే ఇందులో 150కే అయిపోతుంది, కాబట్టి 2024 ఏప్రిల్‌లో ప్రపంచమంతా కాచుకు కూర్చున్న సంఘటనను ఒక ల్యాబ్ పీరియడ్‌లో నాలుగుసార్లు చూపించొచ్చు.

ఇది రాస్తుంటే మీ ప్రిన్సిపాల్ గారి గొంతు నాకు వినపడుతూనే ఉంది. "క్రిప్టోనా? మన క్యాంపస్‌లోనా?" నోడ్ నడపడమంటే నాణెం కొనడం కాదని చెప్పండి. క్రిప్టో వ్యాపారానికి సేవలివ్వొద్దని 2018లో రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు ఇచ్చిన సర్క్యులర్‌ను సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టేసింది, 2022 నుంచి లాభం మీద 30 శాతం పన్ను వేస్తున్నారు. అవన్నీ కొని అమ్ముకునేవాళ్ల గొడవలు. మన మెషీన్‌లో వాలెట్టే లేదు. "మైనింగ్ చేస్తే కరెంటు బిల్లో?" అంటారు. మైనింగ్ వేరు, ఇది వేరు. ఇది చిట్టా చదివే మెషీన్, పక్కనున్న సిస్టమ్ ఎంత తింటుందో అదీ అంతే. ఇక ఖర్చంటారా, మొన్నటి రెండు రోజుల వర్క్‌షాప్‌కు కట్టిన ఫ్లెక్సీల, మెమెంటోల బిల్లు ఒకసారి తీయించి చూడండి. నా శాలువా ఖర్చు కూడా అందులో కలుపుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

మన దగ్గర ఈ చదువుకు పని లేదని కూడా అనలేం. తెలంగాణలో చిట్‌ఫండ్ కంపెనీల లెక్కలను టీ-చిట్స్ పేరుతో బ్లాక్‌చెయిన్ మీద పెట్టారు. చీటీ పాటల్లో మునిగినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, కాబట్టి ఆ ఆలోచనకు నేను చేతులెత్తి దండం పెడతాను. అలాంటి వ్యవస్థలు కట్టేదీ, రేపు తనిఖీ చేసేదీ మీ దగ్గర చదివిన పిల్లలే. అవి బిట్‌కాయిన్ లాంటి బహిరంగ చిట్టాలు కావు, అనుమతి ఉన్నవాళ్లే రాసేవి. అక్కడైతే సొంత నోడ్ మీంచి చూస్తున్నామా, గుమాస్తా చూపించింది చూస్తున్నామా అన్న ప్రశ్న ఇంకా గట్టిగా అడగాలి.

ఇంక ఒక్కటి చెప్పి ముగిస్తాను. మీ ఎక్స్‌ప్లోరర్ తయారయ్యాక సున్నా నంబరు బ్లాకు తెరవండి. అందులో ఒకే ఒక్క లావాదేవీ, 50 బిట్‌కాయిన్లు, ఆ రోజు లండన్ పత్రికలో బ్యాంకుల గురించి వచ్చిన వార్త శీర్షిక దాంట్లో ఇరికించి ఉంటుంది. ఎక్స్‌ప్లోరర్ దాన్ని చక్కగా చూపిస్తుంది. ఇప్పుడు అదే లావాదేవీ నంబరు ఇచ్చి నేరుగా కోర్‌ను అడగండి. ఇవ్వనంటుంది! అది మామూలు లావాదేవీగా లెక్కలోకి రాదు, తీసివ్వడం కుదరదు అని ఎర్రర్ కొడుతుంది. ఆ 50 నాణేలు ఖర్చుపెట్టగల నాణేల జాబితాలో ఏనాడూ చేరలేదు. మరి ఎక్స్‌ప్లోరర్‌కు ఎక్కడిది? దాన్ని రాసినవాళ్లు ఆ ఒక్క పద్దునూ తమ కోడ్‌లో చేత్తో రాసి పెట్టుకున్నారు. సోర్స్ తెరిస్తే కనిపిస్తుంది.

వచ్చే ఏడు వైవాలో నేను అడగబోయే ప్రశ్న అదే: తెర మీద ఈ వరస చిట్టాలోంచి వచ్చిందా, గుమాస్తా రాశాడా? పేపరు లీకు చేశానని అనుకోకండి, పిల్లలకు ఇప్పుడే చెప్పేయండి.

ఇట్లు,
మీ ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్లలో ఒకడు

తా.క.: సింక్ మొదలుపెట్టే ముందు యూపీఎస్ బ్యాటరీ ఒకసారి చూసుకోండి. లైటు పచ్చగా వెలుగుతోంది కదా అని నమ్మొద్దు, ప్లగ్గు పీకి చూడండి.